పెరటి రైలుకి బారసాల

రిటైరైన గార్డు గవరయ్యగారి పెరట్లో ఒక రైలు ఉండేది. బొమ్మ రైలేగా అని చప్పరించెయ్యకండి. ఇంజను కొబ్బరిబోండమంత, వెనక మూడు పెట్టెలు, ఒక్కొక్కటి బెల్లం దిమ్మంత, నిజమే. కానీ అది కూత పెట్టిందంటే ఎదురింట్లో పొయ్యి మీది పాలు విరిగిపోయేవి. ఆ విరిగిన పాలతో కోవా చేసుకు తిని ఆ వీధి పిల్లలంతా గుమ్మడికాయల్లా తయారయ్యారు. ఇక పట్టాల సంగతి చెప్పక్కర్లేదు. జామచెట్టు కింద స్టేషను దగ్గర మొదలై, బావిగట్టు చుట్టి, మల్లెపందిరి కింద దూరి, కోళ్లగూడు ముందునుంచి, కంచెమూల మీదుగా, ఆ కొసన మునగచెట్టు దాకా పోయి మళ్లీ జామచెట్టుకి వచ్చేవి. గజాల్లో కొలిస్తే అరవై. కోడిపిల్లని అడిగితే కాశీ వెళ్లి రావడమే అంటుంది. నడిచే కాళ్లు దానివి గనక దాని లెక్కే నమ్మాలి.

గవరయ్యగారు రోజూ మూడింటికి సత్తు పళ్లెంలో పిట్టల కోసం గుప్పెడు బియ్యం పోసి, రైలు మీట నొక్కి, వాలుకుర్చీలో వాలేవారు. ఆయన గురక అందుకోగానే రైలు జంతువుల చేతుల్లోకి వచ్చేది. తోకాడిస్తూ ఒక్కచోట నిలవని ఉడుత చిట్టెమ్మ డ్రైవరు. పుంజు అప్పలస్వామి స్టేషను మాస్టరు. ఎర్ర టోపీ నెత్తి మీద పుట్టుకతోనే ఉండబట్టి ఆ ఉద్యోగానికి ఆయనతో పోటీకి ఎవరూ దిగలేదు. అప్పలస్వామి భార్య, పెట్ట నూకాలు, ఎనిమిది పిల్లలతో రోజూ టికెట్టు లేని ప్రయాణం. గోరువంకలు కిటికీ పక్కన. ఎవరేమన్నా తలాడించే తొండ సింహాచలం వెనక పెట్టెలో.

ఇంతమందీ ఎక్కే రైలు ఎక్కనిదల్లా చుక్కమ్మ ఒక్కతే.

చుక్కమ్మ తాబేలు. డిప్ప మీద పసుపు చుక్కలు, నక్షత్రాలు పరిచినట్టు. వయసు ఎంతని అడిగితే, గవరయ్యగారి ముత్తాతకి అన్నప్రాశన చేసినప్పుడు పాయసం గిన్నె పక్కన తానే ఉన్నానని చెప్పేది. ఆవిడ ఉండేది మునగచెట్టు మొదట్లో, ప్రహరీ గోడ వారన. రైలు కొత్తగా వచ్చినప్పుడు సరదాపడి పెట్టెలో ఒక కాలు పెట్టింది. మూడు పెట్టెలూ ఒక్కసారి పైకి లేచి, ఇద్దరు గోరువంకలూ తొండా మల్లెపందిరిలో తేలారు. తొండ ఆ కుదుపుకి తలాడించడం ఆపలేక ఇప్పటికీ ఆడిస్తూనే ఉన్నాడంటారు. ఆ తరవాత చుక్కమ్మని ఎవరూ ఎక్కమనలేదు, ఆవిడా అడగలేదు.

బండి మాత్రం రోజుకి పన్నెండు సార్లు ఆవిడ ముక్కు ముందునుంచే పోయేది. ప్రతిసారీ చుక్కమ్మ మెడ బయటికి చాచి, "ఏమర్రా" అనేది. తరవాత మాట "బావున్నారా" అని అనాలని. కానీ ఆవిడ మాట కూడా ఆవిడ నడకలాంటిదే. "బా" దగ్గరికి వచ్చేసరికి చివరి పెట్టె జామచెట్టు కిందికి వెళ్లిపోయేది. మిగతా మాట మునగాకులకి చెప్పుకునేది. రెండేళ్లుగా ఆ మనిషి ఒక్క వాక్యం పూర్తిగా ఇంకొకరి చెవిన వేసింది లేదు.

ఒక సోమవారం జామచెట్టు కింద పెద్ద రగడ మొదలైంది. స్టేషను దగ్గర గవరయ్యగారు పాతిన పసుపు బోర్డు ఒకటి ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు. ఆయన వారానికోసారి కుంచె పట్టుకు రావడం, బోర్డు ముందు నిలబడి గెడ్డం గోక్కోవడం, వెళ్లిపోవడం. అది చూసీ చూసీ అప్పలస్వామికి సిగ్గేసింది.

"గోడ అవతల అసలు లైను మీద ఎన్ని బండ్లు పోవట్లేదు! ఒక్కోదానికి ఎంతెంత పేర్లు! మన బండి చూస్తే బారసాల జరగని పిల్లలా తిరుగుతోంది. నలుగురిలో నా టోపీకి ఏం మర్యాద?"

"అయితే పెట్టెయ్యండి మాస్టరుగారూ, జామచెట్టు మెయిల్ అని," అంది చిట్టెమ్మ, ఇంజను మీదనుంచే.

"జామచెట్టు ఎందుకే, నీ గూడు అక్కడుందనా?" నూకాలు రెక్కలు దులిపింది. "పెడితే కోళ్లగూడు ఎక్స్‌ప్రెస్ అని పెట్టాలి. ఎనిమిదిమందిని మోసుకు తిరుగుతున్నదాన్ని."

"మల్లెపందిరి! మల్లెపందిరి!" గోరువంకలు.

"అదే నేనూ అంటున్నా," అన్నాడు సింహాచలం ముగ్గురికీ తలాడించి.

అప్పలస్వామి గొంతు సవరించుకున్నాడు. "ముందు నిబంధన వినండి. పేరున్న బండి కనబడ్డ చోటల్లా ఆగదు. ఏ చోటు పేరు పెట్టుకుంటే ఆ చోటే దాని ఊరు. బండి అక్కడే ఆగాలి, అక్కడ అందరూ దిగి తీరాలి. గంటసేపు నిలబెట్టి బండిని కడిగి తుడిచి మళ్లీ బయల్దేరదీయాలి. మిగతా చోట్ల కూత పెట్టి దాటెయ్యడమే."

ఇంకేముంది! ఎవరి చోటు వాళ్లకి ముద్దు. ఆ కీచులాటకి బావిలో నీళ్లు రెండు మూరలు లోపలికి పోయాయి.

మునగచెట్టు కింద చుక్కమ్మకి గాలి అటునుంచి వీస్తే మాట వినబడేది, లేకపోతే లేదు. 'అందరూ దిగి తీరాలి' అన్న మాట మాత్రం గాలి మహా జాగ్రత్తగా మోసుకొచ్చి ఆవిడ చెవిలో పెట్టింది. గంటసేపు! గంటసేపట్లో ఎన్ని వాక్యాలు పూర్తి చెయ్యొచ్చు! ఆవిడకి డిప్ప లోపల ఎక్కడో చక్కిలిగింత పెట్టినట్టయింది.

అప్పుడు కంచెమూలనుంచి ముంగిస గంగులు వచ్చాడు. సన్నటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, పంచదార పలుకులు. ఆయన కన్నం కంచె మొదట్లోనే. కోళ్లగూడు తలుపు వేసి ఉందో లేదో రోజుకి ఏడుసార్లు వచ్చి చూసిపోయేంత బాధ్యతగల మనిషి.

"ఎందుకర్రా అలిసిపోతారు? పిల్లకి పేరు పెట్టే హక్కు ఎవరిది? మేనత్తది. మన పెరట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి ఎవరో ఆవిడే బండికి మేనత్త. ఆవిణ్ణి అడిగితే తగువే లేదు కదా?"

అందరూ ఎవరి వయసెంతో లెక్కేసుకున్నారు. చివరికి ఒక గోరువంక అంది, "చుక్కమ్మనా? ఉందా ఇంకా ఆవిడ?"

ఆ మాట కూడా గాలి మోసుకొచ్చింది. చుక్కమ్మ మెడ కొంచెం లోపలికి పోయింది.

"ఎవరు పోతారంత దూరం?" అంది నూకాలు. "కాళ్లు పడిపోవూ?"

"మీరెవరూ కష్టపడకండి. ఆ పుణ్యమేదో నేను కట్టుకుంటాను," అన్నాడు గంగులు.

ఆ సాయంత్రమే ఆయన మునగచెట్టు కిందికి వచ్చాడు. వచ్చి, వంగి, "పెద్దమ్మా, బావున్నావా?" అన్నాడు.

అడిగి, సమాధానం వచ్చేదాకా కూర్చున్నాడు. అదీ ఆయన గొప్ప. చుక్కమ్మ "బావున్నాను నాయనా, నువ్వెలా ఉన్నావు" అని మొదటినుంచి చివరిదాకా అనేసింది. అనేశాక తనకే నమ్మకం కుదరక ఇంకోసారి అంది. ఆ ఆనందానికి ఆవిడ డిప్ప మీది చుక్కలు పెట్రోమాక్సు దీపాల్లా వెలిగి, మునగచెట్టు మీద చీమలు తెల్లారిందనుకుని పనిలోకి దిగాయి.

"ఎన్ని చూసుంటావో పెద్దమ్మా నువ్వు," అన్నాడు గంగులు.

అంతే, ఆవిడ మొదలెట్టింది. వరదొచ్చిన ఏడు ఈ పెరడంతా సముద్రమైతే తను నాగలి మీద కూర్చుని తేలిన సంగతి. ఆ నీళ్లలో ఒక చేప గుమ్మం దాకా వచ్చి ఊరిపేరు అడిగిన సంగతి. గోడ అవతల లైను వేస్తున్నప్పుడు కూలివాళ్లు తనని రాయనుకుని కుంపటి పెట్టబోయిన సంగతి. గంగులు ఊ కొట్టాడు. రెండో రోజూ వచ్చాడు. చుక్కమ్మ పొద్దుటినుంచీ రాలిన మునగపూలన్నీ ముక్కుతో నెట్టి నెట్టి ఒకచోట పోగేసింది.

"తిను నాయనా. నీకోసమే."

"అబ్బే, ఇప్పుడే భోంచేసొచ్చాను పెద్దమ్మా." పూలని కన్నెత్తి చూడకుండా మూతి తుడుచుకున్నాడు. ఆ మూతికి అంటుకున్నది గుడ్డు సొన అని చుక్కమ్మ చూసింది, చూసి కూడా ఏమీ అనలేదు. ఒక మనిషి వచ్చి కూర్చుంటే, ఆ మనిషి మూతికేముందని అడుగుతామా?

మూడో రోజు గంగులు ఆవిడ పక్కకి జరిగాడు. "ఇంతకీ బండికి ఏం పేరు పెడదామంటావు?"

చుక్కమ్మ మట్టిలో గోరుతో ఒక గీత గీసి, చెరిపి, మళ్లీ గీసింది. "నవ్వవు కదా? మునగమూల అని."

"ఎందుకూ?"

"ఊరికే. ఓ గంట ఇక్కడ ఆగితే... నలుగురూ దిగితే... నీడ బావుంటుంది కదా ఇక్కడ."

"నీ మాటే నా మాట పెద్దమ్మా. రేపు గురువారం బారసాల. ఎండలో నువ్వు పడుతూ లేస్తూ రానక్కర్లేదు. నీ పేరు నేనే చెప్తాను, నీ వాటా మిఠాయి నేనే తెస్తాను."

"రేపు కూడా వస్తావన్నమాట!"

"రాకేం?" అన్నాడు గంగులు వెళ్లిపోతూ. వెనక్కి తిరిగి చూడలేదు.

గురువారం తెల్లవారగానే చుక్కమ్మకి ఊరుకోబుద్ధి కాలేదు. మేనత్త లేకుండా బారసాల ఏమిటి? పిల్లవాడు పాపం ఎండలో మిఠాయి మోసుకొస్తాడు కూడానూ. తానే పోతే సరి. డిప్పకి అంటిన మట్టి గోడకి రుద్ది శుభ్రం చేసుకుని బయల్దేరింది. దారిలో ఎన్నో గండాలు. ఒక గొబ్బిమొక్క దాటడానికే గంట. ఎండి రాలిన కొబ్బరిమట్ట ఒకటి అడ్డం వస్తే దాని చుట్టూ తిరిగి వచ్చేసరికి, బయల్దేరేటప్పుడు మొగ్గగా ఉన్న పక్క మందారం పూసి వాడిపోయింది కూడా. అయినా ఆవిడ ఆగలేదు. దారి పొడుగునా చెప్పవలసిన వాక్యాలు కూర్చుకుంటూ నడిచింది. ముందు అందరినీ పేరుపేరునా పలకరించాలి. తరవాత చిట్టెమ్మకి పిల్లలెందరో అడగాలి.

మూడింటికి చామంతి కుండీ వెనక్కి చేరింది. అక్కణ్ణించి స్టేషను బాగా కనిపిస్తుంది. గవరయ్యగారి గురక అప్పుడే పట్టాలెక్కింది. సత్తు పళ్లెం నిండా బియ్యం పరిచి ఉంది. పెరడు పెరడంతా చుట్టూ కూర్చుంది. ఒక్కొక్కరి మొహం ఆకలికి పీక్కుపోయి ఉంది.

"పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు గంగులు మావా," అంది చిట్టెమ్మ నీరసంగా. "ఇంకా ఎంతసేపు?"

"ఆచారమమ్మా, ఆచారం! బారసాల అయ్యేదాకా ఉపవాసం ఉండాలి. ఉపవాసం ఉంటేనే పేరు నిలుస్తుంది." గంగులు మాత్రం మహా తృప్తిగా ఉన్నాడు. ఆయన ఉపవాసం పొద్దున్నే ఒక తొండ గుడ్డుతో మొదలై ఒక కప్పతో ముగిసింది. "ఇదిగో, అందరి ఎదటా ముందే చెప్తున్నాను, తరవాత తగువు రాకూడదు. బియ్యంలో రాసింది ఏదో, పళ్లెంలో కనబడేది ఏదో, అదే బండి పేరు. బోర్డు మీదకి ఎక్కేది అదే. ఇంకొకరు ఇంకో మాట అంటే చెల్లదు. ఒకే బండికి రెండు బారసాలలు ఉండవు. ఏమంటారు మాస్టరుగారూ?"

"నిబంధన అంటే నిబంధనే," అన్నాడు అప్పలస్వామి.

సింహాచలం తలాడించాడు.

గంగులు గోరుతో బియ్యంలో గుండ్రంగా అక్షరాలు దిద్దాడు. అందరూ మెడలు చాచారు. అప్పలస్వామి చదివాడు, "కం-చె-మూ-ల."

కుండీ వెనక చుక్కమ్మ ఆ మాట వింది. సరిగ్గా వినలేదేమో అనుకుంది.

"కంచెమూలా?" నూకాలు గొంతు చించుకుంది. "అది నీ కన్నం ఉన్న చోటు కదయ్యా!"

"నేనేం చెయ్యను తల్లీ? పెద్దమ్మ మాట. నాకోసం కాదు, ఆవిడ మనసు అంత పెద్దది. 'నా బిడ్డలాంటివాడివి, నీ మూలకే పెట్టు నాయనా' అంది. నమ్మకం లేకపోతే మునగచెట్టు దాకా పోయి అడిగి రండి."

ఎవరూ కదల్లేదు. ఆకలి మీద అంత దూరం ఎవరు పోతారు? గంగులు కళ్లు మాత్రం నూకాలు పక్కన కూర్చున్న ఎనిమిది పసుపు ముద్దల మీద ఒకటి, రెండు, మూడు అని నడిచి, ఎనిమిది దగ్గర ఆగాయి. నాలుక ఒకసారి బయటికొచ్చి పెదాలు తడిపి లోపలికి పోయింది. రోజూ గంటసేపు తన కన్నం ముందు అందరూ దిగి తీరాలి మరి.

చుక్కమ్మకి అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. పేరు పోయినందుకు కాదు ఆవిడ బాధ. వరద సంగతి చెప్పినప్పుడు ఆయన ఊ కొట్టాడు కదా, చేప సంగతి చెప్పినప్పుడు "ఆహా" అన్నాడు కదా. అవన్నీ ఈ నాలుగక్షరాల కోసమా? మూడు సాయంత్రాలు వచ్చి కూర్చున్నది ఆవిడ దగ్గరికి కాదా? మునగచెట్టు కింద ఒంటరిగా ఉన్న రెండేళ్లలో ఏనాడూ లేనంత ఒంటరితనం, అంతమంది పక్కన ఆ కుండీ వెనక ఆవిడ మీద పడింది.

"ఇప్పుడు పేరు బండి చెవిలో మూడుసార్లు చెప్పాలి. అందాకా అందరూ కళ్లు మూసుకోండి," అని గంగులు ప్లాట్‌ఫారం ఆ చివరకి పోయాడు. ఇంజనుకి చెవి ఏది? గొట్టమే చెవి అనుకుని అందులో మూతి పెట్టాడు.

ఇక్కడ గంగులు తెలివి ఒక్క చోట తప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క గింజ తిన్నవాడు కాదు. బియ్యం అంటే ఆయన లెక్కలో సుద్దముక్క లాంటిది, రాసుకోవడానికి పనికొచ్చే వస్తువు. పొద్దుటినుంచి మాడుతున్న పెరటినంతటినీ ఏ పళ్లెం చుట్టూ కూర్చోబెట్టి వెళ్లాడో ఆయనకి తట్టనే లేదు.

"అమ్మా, ఆకలి," అంది చిన్న కోడిపిల్ల.

"నోర్ముయ్. కళ్లు మూసుకో."

కోడిపిల్ల కళ్లు మూసుకుని, పళ్లెం అంచున ఒక గింజ ఏరుకుంది. టిక్. ఆ చప్పుడికి నూకాలు కడుపులో ఏనుగు ఘీంకరించింది. అంచున ఒక్క గింజకి అక్షరం మారిపోతుందా ఏమిటి? టిక్. గోరువంకలు కూడా అదే అనుకున్నాయి. టిక్కు టిక్కు. చిట్టెమ్మ రెండు చేతులతో. నిజం చెప్పాలంటే అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు, మాట తప్పలేదు. మూసుకున్నారు గనకే ఎవరికి వాళ్లు తామొక్కరే ఒక్క గింజ తిన్నామనుకున్నారు.

చుక్కమ్మ ఒక్కతే చూసింది. "ఏయ్" అని అరవడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఆవిడ గొంతులోంచి మాట బయటికి రావాలంటే కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో 'కం' పోయింది. 'చె' పోయింది. ఆవిడకి ఆలోచన వచ్చింది. తెరిచిన నోరు నెమ్మదిగా మూసుకుంది.

చివరి అక్షరాన్ని స్టేషను మాస్టరు పూర్తి అధికారంతో మింగాడు.

గంగులు మూతంతా మసి పూసుకుని తిరిగొచ్చాడు. "అయింది. కళ్లు తెరవండి. మాస్టరుగారూ, పళ్లెంలో ఉన్నది గట్టిగా చదవండి!"

అప్పలస్వామి పళ్లెంలోకి చూశాడు. తన టోపీ నీడ తప్ప అందులో ఏమీ లేదు. సత్తు తళతళా మెరుస్తోంది.

"ఏమీ లేదు," అన్నాడు.

"ఏమీ లేకపోవడం ఏమిటి?"

"నిబంధన ప్రకారం పళ్లెంలో ఉన్నదే చదివాను."

"ఎవరు? ఎవరు తిన్నారు?" గంగులు గుండ్రంగా తిరిగాడు. ఎవరికీ ఏమీ తెలియదు. నూకాలు ముక్కు మీద ఒక నూక అంటుకుని ఉంది. "ఇంకో గుప్పెడు తెండి, మళ్లీ రాస్తాను!"

"ముసలాయన రోజుకి ఒక్క గుప్పెడే పోస్తాడు. పైగా ఒకే బండికి రెండు బారసాలలు ఉండవన్నది ఎవరు మావా?" అంది చిట్టెమ్మ. నాలుగు గింజలు పడ్డాక ఆవిడకి నోరు లేచింది.

"అయితే బండికి పేరేది? పేరు లేకపోతే దాని ఊరేది?" గోరువంకలు గోల మొదలెట్టాయి. అప్పలస్వామి రెక్కలు జారవేశాడు. ఇంతటి ఇబ్బంది ఆయన టోపీ ఎన్నడూ ఎరగదు.

అప్పుడు చామంతి కుండీ వెనకనుంచి చుక్కమ్మ బయటికొచ్చింది. నాలుగడుగులే. అయినా ఆవిడ వచ్చేదాకా అందరూ మెడలు అటు తిప్పి కాచుకున్నారు, అంత ఆశ్చర్యం.

"ఏమర్రా, బావున్నారా?" అంది. మొదటిసారి, పూర్తిగా. తరవాత ముంగిస వైపు తిరిగింది. "నాయనా గంగులూ, నేను చెప్పింది కంచెమూల కాదు."

గంగులు మసి కింద రంగు మారాడు. "పెద్దమ్మా, నీకు వయసు మీద పడి..."

"వయసు మీద పడింది. చెవి మీద పడలేదు. నేను చెప్పింది మునగమూల. నా చోటు. నేనూ మీలాగే అనుకున్నాను. నా ముందు ఆగితే చాలు, మిగతావాళ్ల ముందు కూత పెట్టి పోతే పోనీ అని." ఆవిడ ఊపిరి తీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. "నేను గోడ వారన ఉంటాను కదా. మాట్లాడేవాళ్లు లేక అసలు లైను వింటూ పడుకుంటాను. ఒక్కో బండి చప్పుడు నాకు తెలుసు. పెద్ద పేరున్న బండి వస్తే నేల అదురుతుంది. అది ఆగదు. మన ఊరు ఉందని కూడా దానికి తెలియదు. కానీ పొద్దున్నా సాయంత్రమూ ఒకటి వస్తుంది, పాసింజరు. దానికి పేరు లేదు. దాన్ని మీలో ఎవరూ లెక్కపెట్టరు. అది మాత్రం ప్రతి చోటా ఆగుతుంది. తట్ట మోసుకుంటూ పొలం గట్టు మీద ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే వాళ్లకోసం కూడా ఒక్క నిమిషం ఆగుతుంది."



"అంటే పేరు లేకపోతే..." చిట్టెమ్మ తోక నిలబడిపోయింది. "అన్ని చోట్లా ఆగొచ్చా?"

"ఆగి తీరాలి," అన్నాడు అప్పలస్వామి గబగబా. నిబంధన చేతికందేసరికి ఆయన టోపీ మళ్లీ నిలబడింది. "పాసింజరు నిబంధన. నాకు ముందే తెలుసు. ఎక్కడా అందరూ దిగి తీరనక్కర్లేదు. దిగవలసినవాళ్లు దిగుతారు."

సింహాచలం తలాడించాడు, ఈసారి అర్థమయ్యే.

నూకాలు చుక్కమ్మ దగ్గరికి వచ్చి నేలని గీకుతూ నిలబడింది. "అది కాదు చుక్కమ్మత్తా. మునగచెట్టు అంత దూరమనీ... అడగడానికి నేనే వద్దామనుకున్నాను..."

"దూరమేనే తల్లీ," అంది చుక్కమ్మ. "పొద్దుట బయల్దేరితే ఇప్పటికి చేరాను. నాకు తెలియదూ?"

ఆ రోజునుంచీ బోర్డు ఖాళీగానే ఉండిపోయింది. గవరయ్యగారు ఆదివారం కుంచె తెచ్చారు, గెడ్డం గోక్కున్నారు, బోర్డు చుట్టూ అంచు మాత్రం కొత్తగా రంగు వేసి వెళ్లిపోయారు.

బండి ఇప్పుడు ఆరు చోట్ల ఆగుతుంది. శుక్రవారం మొదటిసారి మునగచెట్టు కింద ఆగినప్పుడు, ఇంటికి తిరిగొచ్చే దారిలో చుక్కమ్మ ఇంకా రెండు బారల దూరంలోనే ఉంది. ఎవరూ దిగలేదు. శనివారం ఆవిడ తన చోటికి చేరుకుంది. ఎవరూ దిగలేదు. కానీ పాసింజరు డ్రైవరుకి ఒక పద్ధతి ఉంది. ఆగిన ప్రతి చోటా అడగాలి.

"ఎక్కేవాళ్లున్నారా అత్తా?"

"లేరమ్మా. దిగేవాళ్లున్నారా?"

"లేరత్తా. వస్తా మరి."

"మంచిది తల్లీ."

రోజుకి పన్నెండు సార్లు. పన్నెండు సార్లూ చుక్కమ్మ మాట పూర్తయ్యేదాకా చిట్టెమ్మ బండి కదిపేది కాదు. మిగతా పొద్దంతా మునగచెట్టు కింద ఎప్పటిలాగే ఎండ జరగడం, ఆకులు రాలడం. ఆదివారం ఎవరూ దిగలేదు. సోమవారమూ అంతే. మంగళవారం నాలుగో రౌండులో చుక్కమ్మ అలవాటుగా "దిగేవాళ్లున్నారా?" అని అడిగింది.

"ఉన్నారత్తా," అంది చిట్టెమ్మ. "ఎనిమిదిమంది, వాళ్లమ్మా. మునగచెట్టు మొదట్లో చెదపురుగులు ఉన్నాయట కదా?"

ఉన్నాయో లేదో చుక్కమ్మకి తెలియదు. "ఉన్నాయి, ఉన్నాయి," అంది. "రండర్రా. వరదొచ్చిన ఏడు ఈ చెట్టుకి ఎంత పెద్ద చెదపురుగులు పట్టాయో తెలుసా? ఒక్కొక్కటి మీ అంత."

"మా అంతా!" కోడిపిల్లలు నోళ్లు తెరిచాయి. బండి వెళ్లిపోయింది. అవి వెళ్లలేదు.

ఇక గంగులు. కంచెమూలలో కూడా బండి రోజుకి పన్నెండు సార్లు ఆగుతుంది, నిబంధన ప్రకారం. ఆయన కన్నం గుమ్మంలో మూతి కడుక్కుని, మీసం దువ్వుకుని నిలబడతాడు. అంతమంది కళ్ల ముందు పెట్టెలోకి దూకే ధైర్యం దొంగకి ఎక్కణ్ణించి వస్తుంది? నూకాలు కిటికీలోంచి మెడ చాచి ఆయన్ని పైనుంచి కిందికి చూస్తుంది. "ఇక్కడ మనవాళ్లెవరూ దిగరు చిట్టెమ్మా, పోనీ," అంటుంది. బండి కదులుతుంది. గంగులు పట్టాల వంక చూస్తూ మళ్లీ వచ్చేదాకా కూర్చుంటాడు. ఊ కొట్టడానికి ఆయన పక్కన ఎవరూ ఉండరు.

నీతి: అందరి బండినీ తన మూలకే తిప్పుకోవాలనుకున్నవాడి గుమ్మంలో బండి ఆగుతుంది గాని, ఒక్కరూ దిగరు.